కన్నవారికి కుట్టిన బొంత



మీ తల్లికిగాని తండ్రికిగాని మీ చేతులతో చేసి ఇచ్చిన వస్తువు ఏదైనను కలదా? అంగడిలో కొని ఇచ్చినది కాదు, డబ్బు పంపి తెప్పించినది కాదు. మీరే కూర్చుండి, మీ వ్రేళ్లతో చేసి ఇచ్చినది. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలవారు నేడు కొద్దిమందియే. అయితే మన అవ్వల కాలములో చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఈ ప్రశ్న ఎవరును అడుగవలసిన పని లేకుండెను. జవాబు ఇంటింట దండెము మీద వ్రేలాడుచుండెను. దాని పేరు బొంత.

బొంత అనగానే కొందరికి చిన్నతనముగా తోచును. అది బీదవాని పక్క అనియు, అతుకుల మూట అనియు తలంతురు. పట్టణమునుండి బంధువులు వచ్చినప్పుడు దానిని మడిచి మంచము క్రింద దాచువారును కలరు. అయినను దానికి గొప్ప చరిత్ర కలదు. ఇంటిలో అరిగిపోయిన వస్తువులతో కన్నవారికి కానుక చేయు ఆచారము మన సీమలో ఎట్లు నడిచెనో, ఇతర ప్రాంతములలో ఎట్టి రూపము దాల్చెనో, నేడు ఏ స్థితికి వచ్చెనో కొంచెము ఆలోచింతము. ఈ చిన్న వస్తువు వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. పాతదానిని తల్లిదండ్రులకిచ్చుట సన్మానమా, అవమానమా?

గుడ్డ విలువ ఎరిగిన సీమ

చాపాడు ప్రొద్దుటూరునుండి మైదుకూరుకు పోవు దారిలో ఉన్నది. ఆ మండలములో కుందూ నది ప్రవహించి దిగువను పెన్నలో కలియుచున్నది. 1863 మొదలుకొని 1870 వరకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ ఈ భాగమునకు నీరు తెచ్చినది. కంపెనీకి లాభము రాకపోగా 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసెను. కాలువ క్రింద వరి పండెను. నీరందని రేగడి చేలలో జొన్నయు ప్రత్తియు పండెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో నేతగాండ్ర మగ్గములు ఆడుచుండెను.

ఇట్టి సీమలో గుడ్డ అనునది ఎక్కడినుండియో వచ్చిపడిన వస్తువు కాదు. ప్రత్తి విత్తినవారు, కలుపు తీసినవారు, ఎండలో నడుము వంచి ప్రత్తి ఏరినవారు, గింజ తీసినవారు, ఏకినవారు, నూలు వడికినవారు, నేసినవారు అందరును కనులయెదుటనే ఉండిరి. ఒక చీర వెనుక ఎన్ని చేతులు ఉన్నవో తెలిసినవారు దానిని పారవేయుటకు మనస్కరింపరు.

దీనికి తోడు కరవు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహా కరవు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణములను తీసికొనెను. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు దాని దెబ్బ తినిన జిల్లాలలోనివి. అట్టి దినములలో తిండిగింజల కొరకు ఇంటి సామగ్రి అమ్ముకొనినవారికి క్రొత్త గుడ్డ ఎక్కడిది? తరువాత రెండవ ప్రపంచ యుద్ధములో గుడ్డ మరల కరవైనది. 1943లో భారత ప్రభుత్వము నూలుగుడ్డల ధరలను, అమ్మకమును అదుపులో పెట్టుచు ఉత్తరువు చేసెను. ఆ కాలములో ఇంగ్లాండు దేశములో సహితము బట్టలకు రేషను ఉండెను. 1941లో మొదలైన ఆ రేషను 1949 వరకు సాగెను. పాతవాటిని బాగుచేసికొని వాడుకొనవలెనని అక్కడి ప్రభుత్వమే 1943లో చిన్న పుస్తకము అచ్చువేసి ఇంటి స్త్రీలకు నేర్పించెను. మన అవ్వలకు అట్టి పుస్తకము అక్కరలేకపోయెను. వారికి ఆ విద్య చేతికి వచ్చియే ఉండెను.

మన ఇండ్లలో ఒక నూలు చీర ఎన్ని జన్మలెత్తునో చూడుడి. మొదట పండుగ చీర; తరువాత ఊరికి పోవు చీర; తరువాత చేనికి కట్టు చీర. నడుమ చిరిగినప్పుడు రెండు ముక్కలు చేసి మంచి వైపులు కలిపి కుట్టి మరికొంత కాలము కట్టుదురు. అది పనికి రానప్పుడు దూలమునకు కట్టి బిడ్డకు ఉయ్యాల వేయుదురు. మెత్తని ముక్కలు చంటిబిడ్డకు పొత్తిగుడ్డలగును. మిగిలినవి కొన్ని బొంతలోనికి పోవును. ఇక దేనికిని చాలని పీలికలు దీపములో వత్తులై, వంటయింటిలో మసిగుడ్డలై ముగియును.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. పుట్టిన బిడ్డను మన పల్లెలలో మొదట దేనిలో చుట్టుదురు? తండ్రి పాత పంచెలోగాని, అవ్వ పాత చీరలోగాని చుట్టుదురు. కలిగిన ఇంటిలోనైనను అంతే. ఎందుకనగా అనేకమారులు ఉతికి ఉతికి అరిగిన నూలుగుడ్డకంటె మెత్తనిది మరియొకటి లేదు. క్రొత్త గుడ్డలోని గంజి పసిబిడ్డ చర్మమును ఒరయును. కాబట్టి పాతగుడ్డ ఇచ్చుట దానంతట అదే అవమానము కాదు. మనలో అనేకుల మొదటి పక్క పాతగుడ్డయే. అది ప్రేమతో పరచబడిన పక్క.

బొంత కుట్టు విధము

బొంత కుట్టుట ఒక్కరోజు పని కాదు. పొలములో పని తక్కువగా ఉండు దినములలో దానిని మొదలుపెట్టుదురు. ముందుగా పాత చీరలు, పంచెలు, తువాళ్లు, రవికముక్కలు ఉతికి బాగుగా ఎండబెట్టుదురు. చిరుగులున్న భాగము కత్తిరించి, గట్టిగా ఉన్న భాగము నిలుపుదురు. చీరల అంచులను జాగ్రత్తగా విప్పి వేరుగా ఉంచుదురు. అవి చివరకు బొంత నాలుగు ప్రక్కల పట్టీలుగా పనికివచ్చును.

తరువాత వసారాలో ఒక నిండు చీరను నేలపై పరచి, నాలుగు మూలల నాపరాతి ముక్కలు బరువుగా పెట్టుదురు. దానిమీద అతుకుగుడ్డలను వరుసగా పేర్చుదురు. ఇట్లు నాలుగైదు వరసలైన తరువాత ఉన్నవాటిలో మంచి చీరను పైన కప్పుదురు. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి మూలలు పట్టి లాగి ముడుతలు తీయుదురు. ఎక్కడ ముడుత మిగిలినను పడుకొనినవారి ఒంటికి అది గ్రుచ్చుకొనును. గుడ్డలు కదలకుండ పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి, అటుపిమ్మట పెద్ద సూదితో అంచునుండి నడిమికి వరుసవెంబడి వరుస కుట్టుకొనుచు పోవుదురు. వరుసకు వరుసకు నడుమ వ్రేలెడు ఎడము. వరుసలు దగ్గరయైన కొలది బొంత గట్టిపడును. ఒంటరిగా మధ్యాహ్న వేళలలో కుట్టినయెడల వారములు పట్టును.

ముసలివారికి కుట్టు బొంతలో కొన్ని ప్రత్యేకములు కలవు. మన ఇండ్లలో నేల అనేకముగా నాపరాతి బండలతో పరచినదే. జమ్మలమడుగు ప్రాంతపు గనులలో దొరకు ఆ బండ వేసవిలో చల్లగా హాయిగా ఉండును గాని, పుష్యమాసములో ముసలివారి ఎముకలను పట్టివేయును. కాబట్టి క్రింద పరచుకొను బొంత మందముగా ఉండవలెను; పైన కప్పుకొను బొంత తేలికగా ఉండవలెను, లేనియెడల బలహీనులు దాని బరువు మోయలేరు. ఒంటికి తగులు వైపు మెత్తని పాత పంచె వేయవలెను. దారపు ముడులు ఆ వైపునకు రాకూడదు. చదువరీ, ఈ వివరములను ఎందుకు చెప్పుచున్నాననగా, ఇవి కొలతలు మాత్రమే కావు. అమ్మకు ఏ ప్రక్క నొప్పియో, నాయనకు మోకాళ్లు ఎప్పుడు పట్టునో తెలియనివారు ఇట్టి బొంత కుట్టజాలరు. ముందు మనిషిని ఎరిగియుండవలెను, తరువాతనే సూది.

స్త్రీల పని మాత్రమే కాదు, పురుషుల చేతిపనియు ఉండెను. పాత పరుపులలోను దిండ్లలోను గడ్డకట్టిన దూదిని మన జిల్లాలోని దూదేకులవారు వింటివంటి సాధనముతో ఏకి ఇచ్చుచుండిరి. ఆ దూది మరల పొంగి క్రొత్తదానివలె అగును. అరిగిన లారీ టైరును కోసి చెప్పులు చేయించి కొడుకులు చేనికి పోవు తండ్రికి ఇచ్చుచుండిరి. పాత మందుసీసాకు రేకుమూత బిగించి, దానికి రంధ్రము చేసి వత్తి దూర్చి కిరసనాయిలు బుడ్డి చేయుట పిల్లలకు సహితము తెలిసిన పని. వ్రాసి విడిచిన కాగితములను నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును వెదురుబుట్టకుగాని బోర్లించిన కుండకుగాని మెత్తి ఎండబెట్టి, తల్లికి పప్పులు పోసికొనుటకు తేలికైన పాత్రలు చేయుట అనేక ఇండ్లలో ఉండెను. వీటిలో దేనికిని పెద్ద ఖర్చు లేదు. అయితే ఓర్పు లేనివారు వీటిలో ఏదియు చేయజాలరు.

ఇతర ప్రాంతముల సాక్ష్యము

సి. పి. బ్రౌను దొరగారు 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, ఇక్కడనే తెలుగు గ్రంథముల మీద ప్రేమ పెంచుకొనిన సంగతి మీరెరుగుదురు. ఆయన 1852లో అచ్చువేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో బొంత అను మాటకు చోటు కలదు. రాజుల మాటలు, పండితుల మాటలు ఉన్న పుస్తకములో పల్లె పక్క కూడ ఉన్నది. సంస్కృతములో దీనిని కంథ అందురు. ఆ పేరే వంగదేశములో కాంథా అయినది.

వంగదేశపు కాంథాలను గూర్చి ఒక సంగతి మనము తప్పక తెలిసికొనవలెను. అక్కడి స్త్రీలు పాత చీరలను పంచెలను పొరలుగా పేర్చి, చీర అంచులనుండి రంగుదారములు లాగి, వాటితోనే పూలు, మనుష్యులు, గుర్రములు కుట్టుదురు. దారము కూడ కొనినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఖుల్నా ప్రాంతములో మానదసుందరి అను స్త్రీ ఒక కాంథా కుట్టెను. దానిమీద సిపాయిలు, దొరలు మొదలైన అనేక బొమ్మలు కలవు. వాటితోపాటు దానిని తన తండ్రి కొరకు తన చేతులతో చేసినట్లు అక్షరములు కూడ దారముతోనే కుట్టినది. జానపద కళాఖండములను సేకరించిన గురుసదయ దత్తుగారి పేరిట కలకత్తాకు దగ్గర జోకాలో ఉన్న మ్యూజియములో అది భద్రపరచబడియున్నది. చూడుడి! ఆ కాలములో ఆ స్త్రీ ఇంటినుండి బయటికి వచ్చి పేరు సంపాదించు మార్గము లేదు. తండ్రి కొరకు పాతగుడ్డమీద కుట్టిన నాలుగు మాటలే ఆమె పేరును నేటివరకు నిలిపినవి.

మన ప్రక్కనున్న కర్ణాటకములో బొంతను కౌది అందురు. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో ఆఫ్రికా దేశమునుండి వచ్చినవారి సంతతియైన సిద్దీలు నివసించుచున్నారు. వారి స్త్రీలు కుట్టు బొంతకు కవంద్ అని పేరు. బొంత నాలుగు మూలలలో మడత పెట్టిన గుడ్డముక్కలతో పూవులు కుట్టుట వారి ఆచారము. ఆ పూవులు లేని బొంత బట్టలు లేని మనిషివంటిదని వారు తలంతురు. వారిలో క్రైస్తవులును, ముస్లిములును, హిందువులును కలరు. క్రైస్తవ స్త్రీలు తమ బొంతలలో సిలువ గుర్తును కూర్చుటయు కలదు. ఎవరి పాతగుడ్డ వారిదే గాని, బొంత కుట్టు చేయి అందరికిని ఒక్కటే.

అవమానమైన కానుక

అయితే నాణెమునకు రెండవ వైపును చూడవలెను. పాతదానిని తల్లిదండ్రులకిచ్చుట అవమానమైన కథ కూడ లోకములో ఉన్నది. జర్మనీ దేశములో గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథల పుస్తకములో అట్టిది ఒకటి కలదు. ఒక ముసలివాని చేతులు వణకి పులుసు ఒలికినందున కొడుకు కోడలు అతనిని పొయ్యి మూలకు పంపి, గిన్నె కూడ పగిలిన తరువాత చవుక గిన్నెలో కూడు పెట్టిరి. ఒకనాడు అతని నాలుగేండ్ల మనుమడు నేలమీద కొయ్యముక్కలు ఏరుచుండెను. ఏమి చేయుచున్నావని తండ్రి అడుగగా, తాను పెద్దవాడైన తరువాత అమ్మకును నాయనకును కూడు పెట్టుటకు తొట్టి చేయుచున్నానని బిడ్డ చెప్పెను. ఆ మాట విని తల్లిదండ్రులు ఒకరినొకరు చూచుకొని ఏడ్చి, ముసలివానిని మరల తమతోకూడ కూర్చుండబెట్టిరి. మన పల్లెలలో ఈ కథనే మట్టి మూకుడు పేరుతో చెప్పుకొందురు.

అంతకు ముందే పదమూడవ శతాబ్దములో ఫ్రాన్సు దేశమున ఒక కథ వ్రాయబడెను. కొడుకు తన ముసలి తండ్రిని ఇంటినుండి వెళ్లగొట్టుచు, చలికి కప్పుకొనుటకు గుర్రముపై కప్పు గుడ్డ ఒకటి ఇమ్మని తన బిడ్డను పంపెను. ఆ బిడ్డ గుడ్డను రెండుగా కోసి సగమే తాతకిచ్చెను. తక్కిన సగము ఎందుకని అడుగగా, అది నీకొరకే, నీవు ముసలివాడవైననాడు ఇచ్చుటకు దాచియుంచితిని అని తండ్రితో చెప్పెను.

చదువరీ, ఆ జర్మనీ బిడ్డ చేసినదేమి? ఇంటిలో పడియున్న చెక్కముక్కలతో తన తల్లిదండ్రులకు చేతి కానుక చేయుచుండెను! మన బొంత కూడ పాత ముక్కలతో చేసినదే. వస్తువు ఒకే విధమైనది, బిడ్డ చేతులు ఒకే విధమైనవి. భేదము ఎక్కడ ఉన్నది? మనకు అక్కరలేనిదానిని పెద్దల వైపు త్రోసివేసినయెడల అది తొట్టి. మనకు ఉన్నదానిని వారి కొరకు కూర్చుండి క్రొత్తగా చేసినయెడల అది బొంత. చిరిగిన దుప్పటిని చిరిగినట్లే ఇచ్చుట అవమానము. ఆ దుప్పటినే ఉతికి, అతికి, వారి నొప్పి ఎరిగి కుట్టి ఇచ్చుట సన్మానము. మొదట అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. పిల్లలు చూచుచున్నారు. మనము ఏది చేసితిమో దానినే వారు నేర్చుకొందురు.

పరిశుద్ధ గ్రంథములో పాతగుడ్డలు

యిర్మీయా గ్రంథము 38వ అధ్యాయములో పాతగుడ్డలను గూర్చిన వృత్తాంతము ఒకటి కలదు. ప్రవక్తను బురదగోతిలో దింపి చావునకు విడిచిరి. కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు సెలవు పొంది, మనుష్యులను త్రాళ్లను తీసికొని వచ్చెను. అంతమాత్రముతో అతడు తృప్తిపడలేదు. రాజనగరులో ఖజానా క్రింది గదికి పోయి పాతవై చినిగిన గుడ్డలను ఏరి తెచ్చి, త్రాళ్లు ఒరయకుండ వాటిని చంకల క్రింద పెట్టుకొనుమని ప్రవక్తకు చెప్పి దింపెను. గోతిలోనుండి మనిషిని లాగుటకు త్రాడు చాలును. ఆ మనిషి చర్మము చీరుకొనకుండ చూచుటకు పాతగుడ్డ కావలెను. తల్లిదండ్రుల విషయములోను అంతే. డబ్బు త్రాడు వంటిది. అది లేనిదే వారు పైకి రాలేరు. అయితే త్రాడు మాత్రమే వేసినయెడల వారి మనస్సు ఒరసికొనిపోవును.

మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు మరియొక సంగతి చెప్పెను. కొందరు తమ ఆస్తిని కొర్బాను, అనగా దేవార్పితము అని పలికి, ఆ మాట చాటున తల్లిదండ్రులకు చేయవలసిన సహాయము మానుకొనుచుండిరి. ప్రభువు దానిని భక్తి అని ఒప్పుకొనలేదు. దేవుని ఆజ్ఞను త్రోసివేయుట అనెను. సంఘ కాపరినైన నేను ఈ భాగమును చదువునప్పుడు భయపడుచుందును. గుడికి ఫ్యాను ఇచ్చి, గోడమీద పేరు వ్రాయించుకొని, ఇంటిలో అమ్మకు చలికి దుప్పటి లేదను కొడుకు మన సంఘములలో ఉండరాదు.

అంగడి కానుక

మాతృదినము అను పండుగ సంగతి మీరు వినియుందురు. దానిని మొదలుపెట్టినది అమెరికా దేశములోని ఆన్నా జార్విస్ అను స్త్రీ. ఆమె తల్లి 1905లో మరణించెను. ఆ తల్లి జ్ఞాపకార్థము 1908 మే 10వ తేదీన వెస్ట్ వర్జీనియా రాష్ట్రములోని గ్రాఫ్టన్ ఊరిలో ఒక మెథడిస్టు గుడిలో ఆరాధన జరిగెను. తల్లికి ఇష్టమైన 500 తెల్లని కార్నేషన్ పూవులను ఆన్నా ఆ గుడికి పంపెను. 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఆ దినమును దేశమంతటికి ప్రకటించెను.

తరువాత జరిగినది దుఃఖకరము. పూల అంగళ్లవారు, మిఠాయి అంగళ్లవారు, కార్డులు అచ్చువేయువారు ఆ దినమును తమ వర్తకముగా చేసికొనిరి. తల్లికి తన చేతితో ఒక ఉత్తరము వ్రాయలేనివాడు అచ్చు కార్డు కొని పంపి చేతులు దులుపుకొనుచున్నాడని ఆన్నా జార్విస్ మండిపడెను. తాను కోరి తెచ్చిన పండుగకు విరోధముగా తానే పోరాడి, ఉన్న ధనమంతయు దానికే ఖర్చుపెట్టి, 1948లో ఒక వైద్యశాలలో చనిపోయెను. ఆమె కోరినది చిన్నది: సంవత్సరములో ఒక్కనాడైనను బిడ్డ తన చేతితో, తన హృదయముతో తల్లికి ఏదైన చేయవలెనని. అంగడి దానిని మ్రింగివేసెను.

నేటి మన స్థితి

ఇప్పుడు మన ఊళ్లను చూతము. కడప జిల్లానుండి వేలాదిమంది కువైటునకు పనికి పోవుచున్నారు. బెంగుళూరు, హైదరాబాదు పట్టణములకు పోయినవారి సంగతి చెప్పనక్కరలేదు. వారు కష్టపడి సంపాదించి డబ్బు పంపుచున్నారు. ఆ డబ్బుతో ఇండ్లు కట్టబడినవి, అప్పులు తీరినవి, మందులు కొనబడినవి. దానిని తక్కువ చేసి మాటలాడుట అన్యాయము. సెలవులకు వచ్చునప్పుడు వారు పెద్ద పూల రగ్గులు తెచ్చుచున్నారు. అయితే ఇండ్లను దర్శించు కాపరులకు ఒక వింత కనబడును. ఆ రగ్గులు బీరువాలో పైసంచి విప్పకుండ ఉండును. ముసలి తల్లి మాత్రము పాత బొంతమీదనే పండుకొనును. అడిగినయెడల, అది బరువు నాయనా, ఒళ్లు మండును, చెమట పీల్చదు అనును. కొంతసేపైన తరువాత మెల్లగా అసలు మాట చెప్పును: ఈ బొంతలో మా అమ్మ చీర ఉన్నది, చచ్చిపోయిన మీ మామ పంచె ఉన్నది, బిడ్డల గుడ్డలున్నవి అనును. ఆ బొంత ఆమెకు పక్క మాత్రమే కాదు. ఆమె ఇంటివారందరు దానిలో ఉన్నారు.

తల్లిదండ్రులను విడిచిపెట్టు బిడ్డల కొరకు 2007లో మన దేశములో ఒక చట్టము చేయవలసి వచ్చెను. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము అని దాని పేరు. పోషింపని బిడ్డలమీద వృద్ధులు ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ పోషణ సొమ్ము ఇప్పించుటకు ఆ చట్టము ఏర్పాటు చేసెను. ఇది మంచి చట్టమే. దిక్కులేని పెద్దలకు దీనిని తెలియజెప్పుట సంఘపెద్దల బాధ్యత కూడ. అయితే చట్టము బియ్యము ఇప్పించగలదు గాని, అమ్మ ప్రక్కన ఒక మధ్యాహ్నము కూర్చుండబెట్టలేదు.

మనము ఏమి చేయగలము?

ఈ వ్యాసము చదివి ఊరకుండక ఒక పని మొదలుపెట్టుడి. మీ ఇంటిలో పాత చీరలు, చొక్కాలు, పంచెలు మూటగట్టి ఉన్నవి కదా. వాటిలో నూలువి వేరు చేయుడి. పాలియెస్టరు గుడ్డ జారును, చెమట పీల్చదు. నూలు గుడ్డయే బొంతకు మంచిది. ఇంటిలో పెద్దలున్నయెడల వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ చీర ఎప్పటిది, ఈ పంచె ఎవరిది అని అడుగుచు ఏరుడి. ఆ ఏరుటయే సగము కానుక. మీరు ఎన్నడును వినని సంగతులు ఆ మూటలోనుండి బయటికి వచ్చును.

పెద్ద బొంత కుట్టు తీరిక లేనివారు మోకాళ్లకు కప్పుకొను చిన్న బొంతను కుట్టవచ్చును. కుర్చీమీద వేసికొను మెత్తను కుట్టవచ్చును. మగపిల్లలు సిగ్గుపడనక్కరలేదు. పౌలు గుడారములు కుట్టిన చేతులతోనే జీవించెను. దూరదేశములో ఉన్నవారు కూడ తమ పాత చొక్కా ఒకటి ఇంటికి పంపి, అమ్మ బొంతలో దానిని కలిపి కుట్టుమని చెల్లెలితో చెప్పవచ్చును. ఆదివారపు బడిలోని చిన్నపిల్లలకు కాగితపు గుజ్జుతో చిన్న గిన్నెలు చేయుట నేర్పవచ్చును. అవ్వ కళ్లద్దములు పెట్టుకొనుటకు, తాత మందుబిళ్లలు పెట్టుకొనుటకు అవి చాలును. బిడ్డలు లేని ముసలివారు ఎవరైన ఊరిలో ఉన్నయెడల, సంఘమంతయు కలిసి వారికి ఒక బొంత కుట్టుట ఎంత మంచిది! యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు చూపినది ఆమె ఆస్తిని కాదు, ఆమె కుట్టిన బట్టలనే.

అయితే ఒక హెచ్చరిక. బొంత ఇచ్చితిమని మందు ఖర్చు మానుకొనకూడదు. క్రొత్త చీర కొనగలవారు పాతదాని పేరు చెప్పి లోభత్వమును దాచుకొనకూడదు. చేతి కానుక డబ్బునకు బదులు కాదు. డబ్బు కూడ చేతి కానుకకు బదులు కాదు. తల్లిదండ్రులకు రెండును కావలెను.

మన సీమలో కుందూ ఒడ్డున బొంతలు ఉతికి బండలమీద ఆరవేసిన తరములు కొన్ని గడిచిపోయినవి. ఆ కుట్టు ఎరిగిన చేతులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. బహుశః మీ ఇంటిలోనే, మూలగదిలో, వణకుచున్న రెండు చేతులు ఉండవచ్చును. వారు సూదిలో దారము ఎక్కింపలేరు గాని, కుట్టు ఎట్లు వేయవలెనో చెప్పగలరు. ఈ వారమే వారి యొద్ద కూర్చుండి దారము ఎక్కించుడి. మనము పుట్టిననాడు పాతగుడ్డను మెత్తగా పరచి మనలను పండుకొనబెట్టినవారు వారే. వారి చివరి దినములలో వారి క్రింద పరచవలసిన వంతు మనది. వారి ఒంటికి స్పర్శ తెలియుచున్నప్పుడే ఆ పని చేయుదము.